కాగితం లేని సరిహద్దు: మన మూటకు కలిగే మేలెంత?

సిరొంచ వద్ద గోదావరికి ఇవతల మహారాష్ట్ర, అవతల తెలంగాణ. ఉభయ తీరాలలోనూ వినిపించేది తెలుగే. సిరొంచ నుండి ఉత్తరంగా అల్లపల్లి దారి పట్టి అడవిలోకి పోతే అహేరి తాలూకాలో కమలాపూర్ వస్తుంది. ఏనుగుల శిబిరం వల్ల ఆ ఊరి పేరు చాలామంది వినే ఉంటారు. తెలుగు, గోండు, మరాఠీ మూడూ ఒకే అంగడిలో బేరమాడుకునే ప్రాంతమది. ఇక్కడి అడవుల దసలి పట్టుకాయ నది దాటి దక్షిణానికి పోవడమూ, అక్కడ నేసిన గుడ్డ మళ్ళీ నది దాటి ఉత్తరానికి రావడమూ సహజమైన వ్యాపారం. ఈ సహజమైన వ్యాపారానికి అడ్డుగా నిలిచినది నీరు కాదు. పడవలున్నప్పుడు పడవల మీద, వంతెన కట్టిన తర్వాత వంతెన మీద మనుషులు దాటుతూనే ఉన్నారు. అడ్డుగా నిలిచినది కాగితం.

ఇప్పుడు ఆ కాగితం చాలావరకు పోయింది. దాని స్థానంలో ఒక అంకె వచ్చింది. దీనివల్ల మన నేతపనివారికి ఏమి లాభమో, ఆ లాభం ఎవరి చేతికి పోతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. "రాష్ట్రం దాటించి నాలుగు చీరలు అమ్ముకోవాలంటే ఏమేమి కావాలి?" అన్నది సరిహద్దు గ్రామాల సోదరులు తరచు అడుగుతున్న ప్రశ్న. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పగలిగితే ఇంత వ్రాయవలసిన పని లేకపోయేది.

ముందుగా కొంచెం పాత సంగతి. గోదావరి ఇక్కడ సరిహద్దు కావడం నిన్న మొన్నటి మాట కాదు. 1860లో నిజాము ప్రభువు ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి ఇచ్చివేయగా, సిరొంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ చాందా జిల్లాలో ఒక తహశీలు అయింది. అటుపిమ్మట 1956లో బొంబాయి రాష్ట్రమూ, 1960లో మహారాష్ట్రమూ, 1982లో గడ్చిరోలి జిల్లా వచ్చాయి. అవతలి గట్టున నిజాము రాజ్యం పోయి హైదరాబాదు రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ వచ్చాయి. జెండాలు మారినా నది మధ్యన గీత మాత్రం చెరగలేదు.

ఆ 1860 ఒప్పందంలో మన విషయానికి అక్కరకు వచ్చే షరతు ఒకటి ఉన్నది. ఉభయ రాజ్యాలకు సరిహద్దుగా ఉన్నంతమేర గోదావరి మీద, దాని ఉపనదుల మీద పడవ ప్రయాణం స్వేచ్ఛగా సాగాలనీ, ఎవ్వరూ సుంకం వసూలు చేయరాదనీ అందులో వ్రాసుకున్నారు. నాగపూరు ప్రాంతపు దూదిని సిరొంచ మీదుగా రాజమహేంద్రవరం వైపు దించాలన్నది ఆనాటి దొరల ఆలోచన. కాటన్ దొర ఉత్సాహపడిన ఈ పథకం రాతి అవరోధాల దగ్గర తల కొట్టుకుని 1871లో ఆగిపోయింది. షరతు మాత్రం నది వెంట పోయే సరుకుకే వర్తించింది. ఒక గట్టు నుండి రెండవ గట్టుకు దాటే మూటకు నిజాము కరోడ్గిరీ నాకా తప్పేది కాదు. 1802 నాటి వర్తక ఒప్పందం లగాయతు ఆ సుంకం నూటికి 5 రూపాయలు. నూటికి ఐదు పెద్ద భారమేమీ కాదని అనవచ్చు. కాని నాకా దగ్గర సుంకంతోపాటు నిరీక్షణ, రసీదు, గుమాస్తా దయ కూడా ఉండేవి. ఆ వాడుక మాత్రం రాజ్యం పోయినా పోలేదు.

స్వాతంత్ర్యం తర్వాత కరోడ్గిరీ పోయింది, అమ్మకపు పన్ను చెక్ పోస్టు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే, ఎందుకు పోయిందో కూడా తెలుస్తుంది. 1956 కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రకారం రాష్ట్రం దాటే సరుకు మీది పన్ను బయలుదేరిన రాష్ట్రానికే దక్కేది. చేరిన రాష్ట్రానికి ఏమీ దక్కదు. అందువల్ల చేరిన రాష్ట్రం తన హద్దులోకి వచ్చే ప్రతి బండినీ ఆపి, ఈ సరుకు లెక్కలోకి ఎక్కకుండా ఎవరింటికైనా పోతున్నదా అని చూసుకోవలసి వచ్చేది. బండి ఆపితే కాగితం అడగాలి. వే బిల్లు ఉన్నదా, ఇన్వాయిసు ఉన్నదా, వాటి మీద ముద్ర ఉన్నదా? చేనేత గుడ్డకు అమ్మకపు పన్ను మినహాయింపు ఉన్న రోజులలో కూడా అది మినహాయింపు సరుకేనని రుజువు చేసుకునే బాధ్యత మూట మోసేవానిదే. పన్ను లేని గుడ్డకు కూడా పన్ను ఉన్నంత తిప్పట.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. కాగితానికయ్యే ఖర్చు మూట పరిమాణాన్నిబట్టి పెరగదు, తరగదు. లారీ నిండా బేళ్ళు పంపే షావుకారుకు కావలసిన కాగితాలే నాలుగు చీరలు పంపే వానికీ కావాలి. షావుకారు తన గుమాస్తాను పంపుతాడు. ఆ ఖర్చు ఐదు వందల చీరల మీద పరచుకొని చీరకు అణా పైసలలో తేలిపోతుంది. నేతపనివాడు స్వయంగా పోతే ఆ దినం మగ్గం ఆగుతుంది. కండెలు చుట్టే ఇల్లాలి పని కూడా ఆగుతుంది. నాలుగు చీరల మీద ఒక దినపు సంపాదన పంచి చూడండి. అందువల్లనే సరిహద్దు ప్రాంతాలలో చిన్నవాడు నేరుగా అమ్మడం మానుకొని షావుకారు చేతికి గుడ్డ అప్పగించడం అలవాటయింది. షావుకారు మంచివాడో చెడ్డవాడో అన్న చర్చ వేరు. కాగితం మోయగల శక్తి అతనికే ఉన్నది, కాబట్టి ధర చెప్పే అధికారమూ అతనికే పోయింది.

2017 జులై 1 నుండి వస్తు సేవల పన్ను, అనగా జి.యస్.టి., అమలులోకి వచ్చింది. దీనిలో పన్ను గుడ్డ వెంట పోతుంది. ఏ రాష్ట్రంలో ఆ గుడ్డ వినియోగం అవుతుందో ఆ రాష్ట్రపు భాగం కంప్యూటరు ఖాతాలలోనే అక్కడికి చేరిపోతుంది. కాబట్టి చేరిన రాష్ట్రానికి వంతెన మొదట నిలబడి కాపలా కాయవలసిన అగత్యం లేకపోయింది. అమలైన మూడు రోజులలోనే 22 రాష్ట్రాలు తమ పన్ను చెక్ పోస్టులు ఎత్తివేశాయని కేంద్ర ఆర్థికశాఖ ప్రకటించింది. తరువాత ఇ-వే బిల్లు వచ్చింది. 2018 ఫిబ్రవరి 1న ప్రారంభించబోగా మొదటి రోజునే కంప్యూటరు బరువు మోయలేక కూలబడింది. రెండు నెలలు బాగుచేసుకొని ఏప్రిల్ 1 నుండి రాష్ట్రాల మధ్య రవాణాకు అమలు చేశారు. తెలంగాణ 2025లో రవాణాశాఖవారి చెక్ పోస్టులను కూడా మూసివేసింది.

ఇ-వే బిల్లు అంటే ఏమిటో తెలియని సోదరుల కోసం రెండు మాటలు. సరుకు బయలుదేరక ముందే, పంపేవాడెవరు, పొందేవాడెవరు, ఏమి సరుకు, విలువ ఎంత, ఏ బండిలో పోతున్నది అన్న వివరాలను కంప్యూటరులోగాని సెల్ ఫోనులోగాని నమోదు చేయాలి. పన్నెండు అంకెల సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యే మన వే బిల్లు. దారిలో అధికారి అడిగితే ఆ అంకె చెప్పినా, ఫోనులో చూపినా చాలు. ఒక దినానికి 200 కిలోమీటర్ల చొప్పున గడువు ఉంటుంది. సిరొంచ నుండి వరంగల్లు ఆ లోపే కనుక ఒక దినం గడువు సరిపోతుంది. బండి చెడిపోతే, గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుండి తీరిన ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు. సరుకు కదలకపోతే 24 గంటలలోగా రద్దు చేసుకోవచ్చు. ఫీజు లేదు.

మామూలు వర్తకునికి 50,000 రూపాయలకు మించిన సరుకుకే ఇది కావాలి. ఇంతవరకు వినగానే మనవారిలో చాలామంది "మన మూట అంత విలువ చేయదు గదా, మనకీ గొడవ లేదు" అని నిశ్చింతగా ఉంటారు. అక్కడే పొరపాటు జరుగుతున్నది. ఆ యాభైవేల హద్దుకు చట్టంలో రెండు మినహాయింపులున్నవి. ఆ రెండూ మనవంటివారిని ఉద్దేశించినవే. పాఠకులు ఈ భాగాన్ని నిదానంగా చదువవలసిందిగా కోరుతున్నాము.

మొదటిది కూలి నేతకు సంబంధించినది. ఒక రాష్ట్రంలోని యజమాని ఇంకొక రాష్ట్రంలోని నేతపనివానికి నేయడానికి నూలు పంపితే, విలువ ఎంతైనా సరే, రెండు వేల రూపాయల పడుగైనా సరే, ఇ-వే బిల్లు ఉండాలి. దానిని యజమాని చేయాలి; నేతపనివాడు రిజిస్టరు అయినవాడైతే అతడైనా చేయవచ్చు. వంతెనకు దక్షిణాన ఉన్న మాస్టరు వీవరు సిరొంచ తాలూకాలోని మగ్గానికి ఒక పడుగు, కొన్ని చిలపల పేక నూలు పంపినాడనుకొనండి. అదే పడుగు మహదేవపూరులోని మగ్గానికి పంపితే ఏ బిల్లూ అక్కరలేదు, చలానా చాలు. వంతెన దాటినందుకు మాత్రం బిల్లు కావాలి. యజమాని ఈ సంగతి తెలియకనో బద్ధకించో వదలివేస్తే, దారిలో పట్టుబడేది సంచీ పట్టుకొని బస్సు ఎక్కిన మన కుర్రవాడు. బస్సులో తీసుకుపోయినా అది మోటారు బండేనని మరువరాదు. మోటారు లేని వాహనానికి చట్టం బిల్లు అడగదు. అందుచేత తెడ్డు వేసిన నాటుపడవలో పడుగు దాటిస్తే ఏ బిల్లూ లేదు, పక్కనే వంతెన మీద ఆటోలో దాటిస్తే ఉన్నది! పడవవాళ్ళకు ఈ మాట చెబితే సంతోషిస్తారు.

రెండవది సొంతంగా అమ్ముకునేవారికి సంబంధించినది. రాష్ట్రం దాటించి అమ్మేవాడు ఎంత చిన్నవాడైనా జి.యస్.టి.లో రిజిస్టరు కావలసిందేనన్నది సాధారణ సూత్రం. సొంత రాష్ట్రంలో అమ్ముకునేవానికి తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు, మహారాష్ట్రలో సరుకు అమ్మేవానికి 40 లక్షల వరకు రిజిస్ట్రేషను అక్కరలేదు. కాని సరిహద్దు మీది ఊరివానికి పక్క ఊరే పరరాష్ట్రం. అతడు వేయి రూపాయల గుడ్డ అవతలి గట్టు దుకాణానికి పంపినా సూత్రం ప్రకారం రిజిస్ట్రేషను కావాలి. నాందేడు, షోలాపూరుల నడుమ ఎంత దూరమున్నా అది ఒకే రాష్ట్రం. సిరొంచకూ కాళేశ్వరానికీ మధ్య ఒక వంతెనే ఉన్నా అవి రెండు రాష్ట్రాలు. ఈ అన్యాయాన్ని కొంతవరకు గుర్తించి ప్రభుత్వం 2017లోనే హస్తకళా వస్తువులకు సడలింపు ఇచ్చింది. జాబితాలో చేరిన చేతిపని సరుకును ఏడాదికి 20 లక్షల లోపు అమ్మేవారు రాష్ట్రం దాటించి అమ్మినా రిజిస్టరు కానక్కరలేదు. అయితే రెండు షరతులు: పాన్ కార్డు ఉండాలి, విలువ ఎంతైనా ప్రతి మూటకు ఇ-వే బిల్లు చేయాలి. ఆ జాబితాలో చేనేత ఉత్పత్తుల పేరు ఉన్నది గాని, అన్ని రకాల గుడ్డలూ అందులోకి వస్తాయని అనుకోరాదు. నూలు చీరకు ఒక కోడు, పట్టు చీరకు మరొక కోడు, శాలువకు ఇంకొక కోడు. తమ సరుకు ఏ కోడు కిందికి వస్తుందో లెక్కలు చూసే ఆయనను ఒకసారి అడిగి, ఆ కోడును గోడ మీద వ్రాసి పెట్టుకోవడం మంచిది.

రిజిస్టరు కానివారు కూడా ఆ కంప్యూటరు ద్వారంలో పౌరుల కోసం ఉంచిన విభాగంలో తమ వివరాలు ఇచ్చి బిల్లు చేసుకోవచ్చు. ఇక రిజిస్టరు అయినవారిలో కాంపోజిషను పద్ధతిలో చేరినవారు రాష్ట్రం దాటించి అమ్మరాదని గుర్తుంచుకోవాలి. పన్ను తక్కువని ఆశపడి ఆ పద్ధతిలో చేరిన సరిహద్దు నేతగాడు తన గుమ్మం ముందున్న సంతకే దూరమవుతాడు.

రిజిస్టరు కావడమా, మానడమా? ఇది మేము ఒక్క మాటతో తేల్చగలిగేది కాదు. రిజిస్టరు కానివాడు తన బిల్లులో పన్ను వేయరాదు. కనుక అతని వద్ద కొన్న పెద్ద దుకాణదారుకు పన్ను జమ దక్కదు. తాను కొన్న నూలు మీద కట్టిన నూటికి 5 కూడా అతనికి తిరిగి రాదు. రిజిస్టరు అయితే ఇవి రెండూ దక్కుతాయి. కాని నియమం తప్పక రిటర్నులు పంపాలి, దానికి లెక్కలాయనకు ఫీజు ఇవ్వాలి. ఇంటింటికీ తిరిగి, జాతరలలో పరచి అమ్ముకునేవానికి రిజిస్ట్రేషను వల్ల ఒరిగేది తక్కువ. దుకాణాలకు పంపేవానికి ఎక్కువ. నలుగురైదుగురు కలసి సహకార సంఘం పేరున ఒకే రిజిస్ట్రేషను పెట్టుకుంటే ఫీజు పంచుకోవచ్చు. మా మొగ్గు అటువైపే.

ఇప్పుడు పట్టుకాయ సంగతి. నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద పెరిగే దసలి పట్టుకాయ ఈ అడవుల సొత్తు. గడ్చిరోలి జిల్లాలోనూ, అవతల చెన్నూరు, మహదేవపూరు ప్రాంతాలలోనూ దీనిని పెంచే కుటుంబాలున్నవి. మహదేవపూరు దసలి చీరకు ఉన్న పేరు అందరికీ తెలిసినదే. పట్టుకాయ మీదా, పురి పెట్టని ముడిపట్టు మీదా జి.యస్.టి. లేదు. పన్ను లేని సరుకుల పట్టికలో ఉన్నందున దీనికి ఇ-వే బిల్లు కూడా అక్కరలేదు. ఎంత మూటైనా దాటించవచ్చు. అయితే అడవి సరుకు అన్న పేరు దీనిని వదలదు. పాత అటవీ చట్టం అడవిలో దొరికే పట్టునూ, పట్టుకాయలనూ అటవీ ఉత్పత్తి కింద లెక్కించింది. కాబట్టి పన్నువారు ఆపకపోయినా అడవివారు ఆపవచ్చు. రవాణా పర్మిటు ఏదీ అని అడగవచ్చు.

ఈ పర్మిటు విషయంలో గడ్చిరోలి జిల్లా దేశానికే దారి చూపింది. 2006 అటవీ హక్కుల చట్టం దసలినీ, పట్టుకాయలనూ పేరు పెట్టి చిన్నతరహా అటవీ ఫలసాయంగా పేర్కొని వాటి మీద అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ధానోరా తాలూకాలోని మేంఢా-లేఖా గ్రామసభకు 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జయరాం రమేశ్ వెదురు రవాణా పర్మిటు పుస్తకాన్ని స్వయంగా తెచ్చి ఇచ్చారు. అప్పటివరకు అటవీ ఉద్యోగి చేతిలో ఉన్న పుస్తకం ఊరి చేతికి వచ్చింది. 2012లో నియమాలు సవరించి, ఈ ఫలసాయానికి రవాణా పర్మిటు ఇచ్చే అధికారం గ్రామసభ నియమించిన కమిటీదేనని స్పష్టపరచారు. ఆ పుస్తకం కాగితమే అయినా అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే ముఖ్యమని ఆ ఊరు చూపించింది.

కాగితం లేని పర్మిటు ఆ తరువాత వచ్చింది. జాతీయ రవాణా పర్మిటు పద్ధతిని 2020లో మధ్యప్రదేశ్, తెలంగాణాలలో ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 డిసెంబరు 29న దేశమంతటికీ ప్రారంభించారు. కలప, వెదురు, చిన్నతరహా ఫలసాయం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోవడానికి ఫోనులోనే దరఖాస్తు పెట్టి, చుక్కల గుర్తు ఉన్న పర్మిటు పొందవచ్చు. ఇదివరలో ఒక రాష్ట్రపు పర్మిటు హద్దు దగ్గర చెల్లిపోయి, అవతల మరొకటి తీసుకోవలసి వచ్చేది. పట్టుకాయ వంటి సరుకుకు ఇది చిన్న విషయం కాదు. వేయి కాయల లెక్కన అమ్ముడయ్యే ఈ సరుకు ఆలస్యమైతే లోపలి పురుగు చిలుకయై కాయను తొలుచుకొని బయటకు వస్తుంది. తొలిచిన కాయ నుండి దారం తీయలేము. పర్మిటు కోసం కూర్చున్న రోజులలో పాడయ్యేది సరుకే.

కాగితం లేని వర్తకం మన ఒక్కరి ఆలోచన కాదు. సింగపూరు రేవు 1989లోనే సుంకం అనుమతులన్నీ ఒకే కంప్యూటరు ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. రోజులు పట్టే పని నిమిషాలకు వచ్చింది. ఆసియా, పసిఫిక్ దేశాలలో ఈ పద్ధతి పూర్తిగా అమలైతే ఎగుమతికి పట్టే కాలం 24 నుండి 44 శాతం వరకు, ఖర్చు 17 నుండి 31 శాతం వరకు తగ్గగలవని ఐక్యరాజ్య సమితి ప్రాంతీయ సంఘంవారు 2014లో అంచనా వేశారు. దేశాల మధ్య కాగితం లేని వర్తకానికి వారు సిద్ధం చేసిన ఒడంబడిక 2016 మే నెలలో ఆమోదం పొంది, 2021 ఫిబ్రవరి 20 నుండి అమలులోకి వచ్చింది. ఆ లెక్కలు ఓడల మీద పోయే సరుకుకు వేసినవి. వంతెన మీద పోయే మూటకు ఎవరూ అంత శ్రద్ధగా లెక్క వేసినట్లు లేదు. సూత్రం మాత్రం ఒక్కటే: స్థిరమైన ఖర్చు తగ్గితే దాని వల్ల ఎక్కువ బాగుపడవలసినవాడు చిన్నవాడు.

బాగుపడవలసినవాడు అన్నాము గాని, బాగుపడుతున్నాడు అనలేదు. ఎందుకంటే అంకె ఎవరి పేరున పుడుతున్నదో చూడాలి. కమలాపూరు వంటి అడవి ఊళ్ళలో ఫోను సంకేతం అన్ని చోట్లా అందదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. "నీకెందుకయ్యా ఈ బాధ, నా పేరున వేసి పంపుతాను, గుడ్డ నాకిచ్చేయి" అని షావుకారు అంటే కాదనే ధైర్యం ఎంతమందికున్నది? అప్పుడు కాగితం పోయినా పాత ఏర్పాటే నిలుస్తుంది. పైగా ఇదివరలో లేని నష్టం మరొకటి వచ్చి చేరుతుంది. కాగితం రోజులలో ఎవరి వ్యాపారం ఎంతో ఎవరికీ సరిగా తెలియదు. ఈనాడు ప్రతి బిల్లూ నిలిచి ఉంటుంది. బ్యాంకువారు అప్పు ఇచ్చేటప్పుడు ఆ లెక్కలే చూస్తారు. పదేళ్ళపాటు నేసి పంపినా బిల్లులన్నీ మరొకరి పేరున ఉంటే, ఆ కంప్యూటరుకు మన మగ్గం ఉన్నట్లే తెలియదు. అప్పు పుట్టేది పేరున్నవానికే.

సంకేతం లేని ఊరివారికి ఒక ఉపాయం చెబుతాము. బిల్లులో రెండు భాగాలుంటవి. సరుకు, విలువ, ఎవరికి అన్నది మొదటి భాగం. బండి నంబరు రెండవ భాగం. మొదటి భాగాన్ని సంకేతం దొరికినచోట ముందే నింపి ఉంచుకోవచ్చు, అది 15 దినాలు నిలుస్తుంది. సిరొంచ చేరి బండి ఏదో తెలిసిన తర్వాత రెండవ భాగం నింపితే సరి. రిజిస్టరు అయినవారు నమోదు చేసిన ఫోను నుండి మామూలు సందేశం ద్వారా కూడా బిల్లు చేయవచ్చు. ఇంటిలో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఈ పని ఆమెకు అప్పగించండి. పడుగులో పోగులు తప్పక లెక్కపెట్టే పిల్లకు పన్నెండు అంకెలు ఒక లెక్కా?

తప్పు పడితే ఏమవుతుందోనన్న భయం కూడా చాలామందిని షావుకారు వైపు నెడుతున్నది. పేరులో ఒక అక్షరం తేడా, పిన్ కోడులో తప్పు, బండి నంబరులో ఒకటి రెండు అంకెలు తారుమారు కావడం వంటి చిన్న పొరపాట్లకు సరుకు పట్టుకోరాదని కేంద్ర పన్నుల బోర్డువారు 2018 సెప్టెంబరు 14 నాటి సర్క్యులరులో ఆదేశించారు. వాటికి జరిమానా మొత్తం మీద 1000 రూపాయలు. అంతకు మించి అడిగితే ఆ సర్క్యులరు పేరు చెప్పవచ్చు. అసలు బిల్లే లేకపోతే మాత్రం సంగతి వేరు. సరుకూ బండీ రెండూ నిలిచిపోవచ్చు.

ప్రభుత్వాన్ని ఒకటి అడగవలసి ఉన్నది. కూలి నేతకు పంపే నూలుకు విలువతో నిమిత్తం లేకుండా బిల్లు కావాలనడం దూరపు మిల్లుల మధ్య జరిగే లావాదేవీలకు తగినదే కావచ్చు. సరిహద్దు తాలూకాలలో ఒక్క పడుగు మోసుకుపోయే మనిషికి అది తగదు. హద్దుకు ఇరువైపుల ఉన్న తాలూకాలకైనా ఒక కనీస విలువ నిర్ణయించి అంతకు లోపు మూటను విడిచిపెట్టాలని మా అభిప్రాయం. సిరొంచ, భూపాలపల్లి వైపు సంఘాలవారు ఉభయ రాష్ట్రాల చేనేత శాఖలకు వేరువేరుగా కాక ఒకే విజ్ఞప్తి వ్రాస్తే బాగుంటుంది. జి.యస్.టి. నియమాలు మారేది ఉభయ రాష్ట్రాలూ కూర్చునే మండలిలో కదా.

దేశం దాటించి పంపదలచినవారికి తపాలాశాఖ 2022 నుండి ఎగుమతి కేంద్రాలు తెరిచింది. పొట్లం కట్టి, వివరాలు కంప్యూటరులో నింపి తపాలా కార్యాలయంలో ఇస్తే సుంకంవారి అనుమతి వారే పొందుతారు, రేవుకు పోనక్కరలేదు. దీనికి ఎగుమతిదారు సంకేతసంఖ్య కావాలి, దాని ఫీజు 500 రూపాయలు. పరదేశంలో ఉన్న మన పిల్లల ద్వారా చీరలు కోరే స్నేహితులు ఉన్న ఇళ్ళకు ఇది పనికివస్తుంది. దీనిని గురించి వేరొక సంచికలో వివరంగా వ్రాస్తాము.

చివరగా కూలి నేసేవారు మరచిపోయే సంగతి ఒకటి. నూలు వచ్చేటప్పుడు యజమాని చేసిన బిల్లు నేసిన గుడ్డ తిరిగి పోవడానికి పనికిరాదు. వెనుకకు పంపేటప్పుడు మరొక చలానా, మరొక ఇ-వే బిల్లు కావాలి. నూలు బయలుదేరిన తేదీ నుండి ఒక సంవత్సరంలోగా గుడ్డ యజమానికి చేరాలి. చేరకపోతే అతడు ఆ నూలును నేతపనివానికి అమ్మివేసినట్లే చట్టం భావించి పన్ను లెక్క కడుతుంది. కనుక నూలు అందిన రోజున చలానా మీది తేదీ చూసుకొని, దాని నకలు ఒకటి మగ్గం దగ్గర ఉంచుకోవలసిందిగా మనవి.